ఇంజన్ పడ్తదా?

నేను రిటైరయ్యానంటే మా దగ్గర ఎవరూ నమ్మరు. జుట్టు నల్లగా ఉంది, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. బీదర్ బస్టాండులో ఒక పెద్దాయన నన్ను పక్కకు తీసుకుపోయి, "రిటైరైనవా, తీసేసిన్రా?" అని గొంతు తగ్గించి అడిగాడు. నా పరువు కాపాడాలని ఆయన తాపత్రయం. ఫౌజులో విమాన ఇంజన్ల ఫిట్టరుగా మీసాలు రాకముందే చేరినవాడు మీసాలు నెరవకముందే బయటికి వస్తాడు. అంతకుమించి కథ లేదు.

ఇప్పుడు ఔరాద్ వైపు, చిట్గుప్ప వైపు కుర్రాళ్ళు ఇంజన్ పనుల్లో చేరుతూ, "సాయిలన్నా, ఆ పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కడికి విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి మీకు అనవసరం, రానివి నాకు అనవసరం. కాయితాల గురించీ రాయను. చేరిన మర్నాడే అవి మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

అసలు పని

విమానం పక్కన ఫిట్టరు గాలికి చొక్కా రెపరెపలాడుతుండగా నిలబడి ఆకాశంలోకి చూస్తాడని మీరు అనుకుంటూ ఉంటారు. నేను నా ఉద్యోగంలో ఎక్కువ భాగం విమానం కింద వెల్లకిలా పడుకుని, చెవిలోకి కారుతున్న నూనె ఏ రకమో ఆలోచిస్తూ గడిపాను. పనిలో సగం కడగడం, పావు వంతు వెతకడం. మిగిలిన పావు, పని అయిందని సంతకం పెట్టే ముందు పొట్టలో కలిగే ఒక రకమైన వికారం. ఆ వికారం పోగొట్టుకోవద్దు. అది లేని ఫిట్టర్లను చూశాను. వాళ్ళు చాలా సంతోషంగా ఉండేవాళ్ళు, వాళ్ళు ముట్టిన విమానం ఎక్కేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

అచ్చా సార్

మా పెద్ద ఫిట్టరు కేరళ మనిషి. ఏం చెప్పినా "అచ్చా" అనేవాడు. ఆ అచ్చా సరే అనో, ఇంకా చెప్పు అనో, నీ పని చెప్తా అనో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఆయనకు అచ్చా సార్ అని పేరు పడింది.

ఒకసారి డ్యూటీ మారేటప్పుడు, నా తర్వాత వచ్చిన కరీంనగర్ వాడితో, "ఆయిల్ అయిపోయింది, చూస్కో" అన్నాను. ఆయిల్ పోసే పని ముగిసిందని నా ఉద్దేశం. ఆయిల్ ఖాళీ అయిందని వాడు విన్నాడు. కొలత చూసేచోట నిండుగా కనబడితే, అది చెడిపోయిందేమో అనుకుని మళ్ళీ పోశాడు. ఇంజన్ తిప్పగానే వెనక నుంచి తెల్లటి పొగ, మేఘమంత. గంట మోగింది, మంటలార్పే బండి వచ్చింది, గొట్టాలు పరిచారు. ఆర్పడానికి ఏమీ లేదు. తెచ్చిన నీళ్ళు వృథా పోకుండా పక్కనున్న వేపమొక్కకు పోసి వెళ్ళిపోయారు. ఆ మొక్క ఇప్పుడు మంచి చెట్టయి ఉంటుంది.

మేమిద్దరం అచ్చా సార్ ముందు నిలబడ్డాం. ఆయన హిందీలో, నిదానంగా అడిగాడు.

"మీరిద్దరూ ఒకే భాషవాళ్ళా?"

"అవును సార్."

"అచ్చా. అదే ప్రమాదం. తమిళవాడు నాతో మాట్లాడితే అర్థమైందో లేదో అని నేను రెండుసార్లు అడుగుతా. మీరిద్దరూ అసలు అడగరు."

ఆ రోజునుంచి మాకు ఒక నియమం పెట్టాడు. ఏదైనా చెప్పాక, విన్నవాడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. అదే మాట చిలకలా అప్పజెప్తే లెక్కలోకి రాదు. మాకు నవ్వులాట అయిపోయింది. "ఉప్పు ఇయ్యి" అంటే "సముద్రం నుంచి తీసిన తెల్లటిది నీకు అందించమంటున్నవు" అని ఎదుటివాడు జవాబు చెప్పేవాడు. నవ్వుకుంటూనే చాలాకాలం పాటించాం. రిటైరయ్యాక బెల్టు, బూట్లతోపాటు ఆ నియమాన్నీ పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ పెట్టె గురించే.

బావ విమానం

మా ఊరు సంతపూర్ ఆడపిల్ల, నాకు అక్క వరసయ్యే కమలమ్మక్కను హుమ్నాబాద్‌కు ఇచ్చారు. ఆమె భర్త విఠలయ్య బావకు అక్కడ లారీలు ఆగే రోడ్డు మీద వెల్డింగ్ షెడ్డు ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. బీదర్ నుంచి లేచే శిక్షణ విమానాలు తల మీదుగా పోతుంటే చాలా ఏళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత పరదేశం నుంచి ఒక నక్షా, అంటే కొలతల పటం, తెప్పించుకుని, షెడ్డు వెనక ఒక్క సీటు విమానం మొదలుపెట్టాడు.

"ట్రాలీ ఎప్పుడూ ఒకల వెనక పోయేదే బామ్మర్ది. ఒక్కటన్న ముందు పోయేది చేద్దామని."

ఉక్కు పైపుల చట్రం చక్కగా అతికాడు. రెక్కలకు గుడ్డ షామియానాలు కుట్టే దర్జీతో కుట్టించాడు. అందువల్ల విమానాన్ని చూడగానే భోజనాలు ఎటువైపు అని అడగాలనిపిస్తుంది. ఇట్లాంటిది ఎగరాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. అర్జీ పెట్టాడు, జవాబు రాలేదు. కాబట్టి ఆయన 'ఎగురుడు' అనే మాట వాడడు. 'జర లేపి దించుడు' అంటాడు. లేపేది ఆయనే, లోపల కూర్చునేదీ ఆయనే. కింద నిలబడేది మా అక్క.

ఇక మిగిలింది ఇంజన్. నక్షాలో రాసిన ఇంజన్ విమానాల కోసమే చేసినది, తేలికైనది, బయటి దేశంలో దొరుకుతుంది. దాని ధర విని బావ మళ్ళీ అడగలేదు, ఫోను మీద దుమ్ము తుడిచి జేబులో పెట్టుకున్నాడు. బదులుగా ఏం పెట్టాలి అన్నదే ప్రశ్న. ఊరందరి లెక్కలో దానికి జవాబు చెప్పాల్సింది నేను.

ఇక్కడ ఒక చేదు నిజం. నేను పనిచేసినవన్నీ జెట్ ఇంజన్లు. వాటిలో పిస్టన్ ఉండదు, ముందు పంకా ఉండదు. కారు ఇంజన్ గురించి నాకు తెలిసింది హుమ్నాబాద్ రోడ్డు మీద ఏ మెకానిక్కునడిగినా చెప్పేదానికన్నా తక్కువ. కానీ విమానాల దగ్గర పనిచేశానంటే జనం దృష్టిలో గాల్లో తిరిగే దోమ మీద కూడా నాకు అధికారం ఉన్నట్టే.

రెండు జవాబులు

ఒక రోజు బావ పిలిస్తే షెడ్డుకు వెళ్ళాను. గోనెసంచుల మీద ఒక చిన్న కారు ఇంజన్, మూడు సిలిండర్లది, కడిగి బొట్టు పెట్టి ఉంది.

"ఎన్క నుంచి లారీ గుద్దిన కారుది. ముందు మొఖానికి గీత గూడ పడలే. స్టార్ట్ చేస్తే సితార్ లెక్క మోగుతది."

"బరువెంతుంది బావా?"

"నలుగురం లేపినం."

"నలుగురు లేపిందాన్ని ఆ గుడ్డ విమానం ఒక్కతే లేపాల్నా?"

"రెక్కలున్నయి గద దానికి. మాకు లేకుండె."

నేను చట్రం వైపు చూశాను, ఇంజన్ వైపు చూశాను. నక్షాలో ఉన్నదానికన్నా బాగా బరువు. పైగా కారు ఇంజన్ ఒంటరిగా రాదు, పెళ్ళికొడుకులాగా చుట్టాలతో వస్తుంది. చల్లబరిచే రేడియేటరు, అందులో నీళ్ళు, వాటికి గొట్టాలు, బ్యాటరీ. కారు ఇంజన్ వేగంగా తిరిగితేనే బలం ఇస్తుంది, పంకా అంత వేగంగా తిరిగితే గాలిని నెట్టడం మానేసి అరుస్తుంది. కాబట్టి ఆ వేగం తగ్గించడానికి రెండింటి మధ్య పళ్ళ బెల్టు ఒకటి. ఇంత బారాతు ముక్కు మీద కూర్చుంటే ఆ విమానం లేచినా ముక్కు కిందికి వేసుకుని నేలకొస్తుంది. అది నాకు జెట్టు పరిజ్ఞానంతోనే అర్థమైంది.

"మరి, పడ్తదా?" అన్నాడు బావ.

"పడ్తది" అన్నాను. చేతిని ఏటవాలుగా కిందికి దించి ఎట్లా పడుతుందో కూడా చూపించాను.

బావ మొహం గంభీరంగా మారింది. తల పంకించాడు. ఆయనకు చేదు నిజం చెప్పగలిగినందుకు నాకు నా మీదే గౌరవం కలిగింది.

లోపల అక్క జొన్నరొట్టెలు చేస్తోంది. నన్ను చూసి పొయ్యి మంట తగ్గించింది.

"తమ్మీ, నాకు నిజం చెప్పు. ఆ ఇంజన్ సంగతేంది? పడదు గద?"

పాపం, ఆమెకు కూడా అది ఆ విమానానికి సరిపోదని అనుమానం వచ్చిందన్నమాట అనుకున్నాను.

"పడదక్కా. ఏ లెక్కన చూసినా పడదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నా రొట్టె మీద ఇంకో గరిటె వెన్న వేసింది. పిచ్చి పని ఆగిపోయిందని ఆమె సంతోషం అనుకుని, ఆ వెన్న నిశ్చింతగా తిన్నాను. భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా వద్దని చెప్పి, ఇద్దర్నీ ఒప్పించి బయటపడ్డ మొదటి మనిషిని నేనే అనుకుంటూ బీదర్ బస్సెక్కాను.

తెలిసినకొద్దీ తెలియనిది

ఒకటి వద్దన్నాక మరొకటి చెప్పాలి కదా అని ఇంటర్నెట్‌లో చదవడం మొదలుపెట్టాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇదే గోతిలో దిగుతారు కాబట్టి, అందులో ఏముందో చెప్తాను. కారు ఇంజన్‌తో ఏళ్ళ తరబడి ఎగురుతున్నానని ఒకాయన రాశాడు. కింద ఇంకొకాయన, తానూ అదే ఇంజన్ పెట్టి రెండోసారి లేచినప్పుడు చెరుకుతోటలో దిగానని రాశాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా రాశారు. ఫంక్షన్‌హాల్ జనరేటరు ఇంజన్ మంచిదని కొందరు. తేలికే, గాలికే చల్లబడుతుంది, బెల్టు అక్కర్లేదు, కానీ బలం తక్కువ. మోటార్‌సైకిల్ ఇంజన్‌కు బలం ఉంది, ఓపిక లేదు.

నాకు దక్కిన కాస్త వెలుగు ఇది. కారు ఇంజన్ జీవితమంతా విశ్రాంతిగా నడుస్తుంది. నిండు బలం అడిగేది లారీని దాటేటప్పుడే, అదీ కాసేపు. విమానంలో నేల వదిలినప్పటినుంచి ఎత్తుకు చేరేదాకా నిండు బలం అడుగుతూనే ఉంటాం. మంచి ఇంజన్ అన్న పేరు ఏ పనిలో వచ్చిందో చూడాలి. రోడ్డు మీద ఆగిపోతే పక్కన దాబా ఉంటుంది, చాయ్ తాగుతూ ఫోన్ చేయొచ్చు.

కానీ ఈ వెలుగులోనూ ఏది పెట్టాలో తేలలేదు. ఈలోపు బావ అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "బిగించిన", "బెల్టు చేయించిన" అంటుండేవాడు. ఏదో ట్రాలీకి అనుకున్నాను. ట్రాలీకి బెల్టెందుకా అని ఒక్క క్షణం అనిపించింది. తిరిగి అడగలేదు. పెట్టె మూసే ఉంది.

"ఆదివారం పొద్దుగాల రా బామ్మర్ది. నీ మాట మీదనే అంతా అయింది" అన్నాడు చివరికి.

ఆదివారం

హుమ్నాబాద్ అవతల బావ వాళ్ళ అన్న చేను, కంది కోసేసిన నల్లరేగడి. పొడుగ్గా చదును చేసి ఉంది. ఆ చివర విమానం. ముక్కు మీద నేను వద్దన్న ఆ మూడు సిలిండర్ల ఇంజన్, బొట్టు చెదరకుండా. తోక తాడుతో ట్రాక్టరుకు కట్టి ఉంది. తోక లోపలినుంచి ఒక ఇసుక సంచి మూల బయటికి తొంగిచూస్తోంది.

"అదేంది బావా?"

"ముందు బరువైంది. ఎన్క గింత ఏసిన. బరువును బరువుతోనే కొట్టాలె."

బండికి ముందు మోపు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుందని చిన్నప్పుడే చూశాం. అప్పుడు మా పెద్దలు గడ్డి వెనక్కి జరిపేవాళ్ళు. వెనక రాళ్ళు కట్టేవాళ్ళు కాదు. ఎద్దులు ఒప్పుకునేవి కావు. విమానం నోరులేనిది.

తాడు కట్టి ఉంది కాబట్టి నేల మీదే తిప్పి చూస్తాడనుకున్నాను. బావ కొబ్బరికాయ కొట్టాడు. మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. హెల్మెట్ వెనక బండి నంబరు కూడా రాసి ఉంది. ఇంజన్ నిజంగానే సితార్‌లా మోగింది. కాసేపు తిప్పి ఆపి, ట్రాక్టరు దగ్గర నిలబడ్డ అక్కతో, "తాడిప్పు. ఒక్క జానెడు లేపి దించుత" అన్నాడు.

అక్క తాడు ముడి మీద చెయ్యి వేసింది. నేను ట్రాక్టరు వైపు పరుగెత్తాను.

"అక్కా, ఆగు. ఇప్పొద్దు."

"ఏమైంది? నువ్వే గద తమ్మీ పడదన్నవు. నీ మాట మీదనే నేను అడ్డం పడలే."

సీట్లోంచి బావ తల తిప్పాడు. "పడదన్నడా? నాకు పడ్తదన్నడు గద."

"పడ్తదన్నడా?" అక్క తాడు వదిలేసింది. "పడ్తదని తెలిసి ఎక్కి కూసున్నవా నువ్వు?"

"పడ్తదంటేనే గదనే ఎక్కిన. పడకపోతే ఎట్ల ఎక్కుత?"

"ఓ తల్లీ. ఈయన పడెతందుకే ఎక్కిండట."

"పడుడు గాదే, పడుడు. చట్రానికి పడుడు."

"నేను నేల మీద పడుడు అడిగిన."

ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అప్పుడు నా బుర్రలో ఒక్కొక్కటీ సర్దుకుంది: నా చేతి సైగ, గంభీరమైన మొహం, రొట్టె మీద వెన్న. బావకు పడ్తదన్నాను, నేల మీద అని. ఆయన చట్రంలో అని విన్నాడు, నా సైగ ఇంజన్‌ను అందులోకి దించడం అనుకున్నాడు. అక్కకు పడదన్నాను, చట్రానికి అని. ఆమె నేల మీద అని వింది. నేను రెండుసార్లు వద్దన్నాను. రెండుసార్లూ అది సరే అని చేరింది.

ఇదంతా వాళ్ళకు విప్పి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది, ఎందుకంటే చెప్పడానికి కూడా మళ్ళీ అవే రెండు మాటలు వాడాల్సివచ్చింది. మధ్యలో ఒకసారి నేనే తప్పిపోయాను. బావ అంతా విని హెల్మెట్ తీశాడు.

"బామ్మర్ది, 'వద్దు' అని ఒక మాట ఉంటది. రెండే అచ్చరాలు. అంటే నీ నోరు పడిపోతుండెనా?"

"పడిపోతుండకపోవు" అన్నాను. ఆ మాట కూడా సరిగ్గా రాలేదు.

బావ తాడు విప్పమనలేదు, దిగనూ లేదు. ఆయన అన్ని నెలల పని ఆయన చుట్టూ ఉంది. నాకు తెలిసింది ఒక్కటే అడిగాను.

"తాడు అట్లనే ఉండనీ బావా. పైకి లేసేటప్పుడు ఎంత బలం పెడ్తవో అంత పెట్టి, లేసేంతసేపు నడిపించు. నిలబడ్తే నేను నోరు తెర్వను."

"నిలబడ్తే అంటే? ఇంజన్ ఆగుడా, ఆగకుండుడా?" అన్నాడు. అచ్చా సార్ నియమాన్ని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"ఆగకుండా తిరుగుడు."

నిండుగా పెట్టాడు. ట్రాక్టరు కొంచెం జరిగింది. అక్క పైట కొంగు నోట్లో పెట్టుకుంది. వేడి చూపే ముల్లు పైకి పాకింది. "నిలబడ్డది గాబట్టి కాగుతాంది, పైన గాలి తగుల్తది" అని బావ అరిచాడు. అందులో సగం నిజం. ఏ సగమో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం రాలేదు, ఎందుకంటే టపటపమని ఒక చప్పుడు, బెల్టు పళ్ళు రాలిపోయాయి. పేలుడూ లేదు, మంటా లేదు. పంకా నెమ్మదిగా, అలసిపోయినట్టు, ఆగిపోయింది. ఇంజన్ మాత్రం బరువు దిగిన ఆనందంలో ఇంకా గట్టిగా మోగింది.

బావ దాన్ని ఆపాడు.

"ఇంజన్‌కు ఏం కాలే" అన్నాడు బావ.

"కాలే" అన్నాను.

"ఇంజన్ బరాబర్ ఉంది."

"బరాబర్ ఉంది."

అక్క వెళ్ళి తాడు ముడికి ఇంకో ముడి వేసింది.

ఇప్పుడు

ఆ ఇంజన్ ఇప్పుడు బావ అన్న చేనులో గడ్డి కోసే యంత్రం తిప్పుతోంది. ఆగకుండా నడుస్తోంది. ఎప్పుడు కలిసినా, "ఇంజన్ మంచిదని అప్పుడే అన్న" అంటాడు బావ. మంచిదే. పని వేరు.

కుర్రాళ్ళారా, ఇందులోంచి మీకు నీతి తీసి ఇద్దామని చాలాసార్లు కూర్చున్నాను. బదులు ఇంజన్ పెట్టొద్దు అందామంటే, పెట్టి ఎగురుతున్నవాళ్ళు ఉన్నారు. పెట్టండి అందామంటే ఆ బెల్టు గుర్తొస్తుంది. మీ నోట్లోంచి వచ్చిన మాట ఎదుటివాడి చెవిలో ఏమైందో అడిగి తెలుసుకోండి, మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళయితే రెండుసార్లు అడగండి. అంతవరకే నాకు గట్టిగా తెలుసు.

మొన్న బావ ఫోన్ చేశాడు. ఫంక్షన్‌హాల్‌లో తీసేసిన జనరేటరు ఇంజన్ ఒకటి దొరికిందట.

"ఇద్దరమే లేపినం బామ్మర్ది. తేలిక. బెల్టు లేదు. గాలికే సల్లబడ్తది. మరి ఇది..." అని ఆగాడు. ఆ మాట వాడకుండా అడగడానికి కష్టపడుతున్నాడని తెలిసింది. "దీని సంగతేంది?"

నేను లెక్కలు చూశాను. బరువు సరిపోతుంది. బలం చాలుతుందా అంటే, బావ పొట్ట తగ్గితే చాలొచ్చు, ఎండాకాలం కాకపోతే చాలొచ్చు, చాలకపోనూవచ్చు. అన్నీ చెప్పాను. చెప్పినకొద్దీ అవతల ఆశ పెరుగుతున్నట్టు వినబడింది. ఇంతలో అక్క ఫోన్ లాక్కుంది.

"తమ్మీ, సుట్టు తిప్పకు. సరేనా, వద్దా? రెండిట్ల ఒకటి చెప్పు."

ఉద్యోగమంతా ఎదుటివాళ్ళు నన్నడిగింది ఇదే. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

"తెల్వదక్కా" అన్నాను.

"ఏమంటున్నవు?"

"ఆ ఇంజన్ ఆయనను లేపుతదో లేపదో, లేపితే మంచిగ దించుతదో దించదో, నాకు తెల్వదు. తెల్సుకునేదాక ఎవలూ ఎక్కొద్దు. ఇప్పుడు నువ్వేమిన్నవో నీ మాటలల్ల చెప్పు."

ఆమె ఫోన్ పక్కకు పెట్టి బావతో అంటున్నట్టు, షెడ్డు రేకుల కింద నుంచి ఆమె గొంతు దూరంగా వినబడింది.

"తమ్మునికి తెల్వదంట. దిగు కిందికి."